కల్బాలో తడవని చాప

ఆదివారం పొద్దున ఐదింటికే సుభాషిణి రెండు పొయ్యిలూ వెలిగించింది. ఒకదాని మీద బగారన్నం, ఇంకోదాని మీద చేపల పులుసు. షార్జా అల్ నహ్దాలోని ఆ ఫ్లాటులో వంటగదికి కిటికీ లేదు. తలుపు వేస్తే ఊపిరాడదు, తీస్తే పడకగదిలో దుప్పట్లకు కూడా పులుసు వాసన పడుతుంది. చేపముక్కలకు ఉప్పూకారం పట్టిస్తుంటే ఆమెకు రోత పుట్టింది. చేపను చూసి కాదు, అది ఎవరి నోట్లోకి పోతుందో తలుచుకుని.

ఏటా డిసెంబరులో ఒక ఆదివారం ఆదిశేషు తన వాళ్లను కల్బా బీచికి షికారు తీసుకెళతాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వర్క్‌షాపులకు కూలీలను సరఫరా చేసే కంపెనీకి అతను మేనేజరు. అందరూ ముదీర్ అంటారు. కంపెనీ ఏ అరబ్బు పేరు మీద ఉందో ఆ కఫీల్‌ని కళ్లతో చూసినవాళ్లు లేరు కాబట్టి కూలీలకు సర్వం ఆదిశేషే. సుభాషిణి భర్త ప్రమోద్ ఆ ఆఫీసులో హాజరు, వీసా కాగితాలు చూస్తాడు. షికారు తీసుకెళ్లడమంటే కారులో చోటివ్వడం, అంతే. వండడం, మోయడం, వడ్డించడం, గిన్నెలు తోమడం సుభాషిణి వంతు. నాలుగేళ్లుగా ఇదే వరస.

ఈసారి కారు వెనక సీటులో, గిన్నెల పక్కన, హన్మంతుకు కూడా చోటు దొరికింది.

హన్మంతుది జగిత్యాల వైపు సుభాషిణి పుట్టిన ఊరే. ఊరి వరసలో ఆమెకు అన్న అవుతాడు. నెల కిందట రేకులు కత్తిరించే మిషన్‌లో అతని కుడిచెయ్యి పడింది. చెయ్యి లోపలికి పోకుండా మిషన్‌కు ఒక అడ్డు ఉంటుంది. అడ్డు ఉంటే పని నెమ్మదిగా సాగుతుందని దాన్ని ఊడదీయించింది ఆదిశేషు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, అందరూ మరిచిపోయినట్టు ఉంటారు. ఇంకో ఆపరేషన్ చేస్తే బొటనవేలూ, రెండు వేళ్లూ పనికొస్తాయని డాక్టరు చెప్పాడు. పనిలో జరిగిన ప్రమాదం కనుక ఆపరేషన్ ఇక్కడే జరగాలి. కానీ ఆపరేషన్ జరిగితే ఎంక్వైరీ కూడా జరుగుతుంది, అడ్డు ఏదని అడుగుతారు. అందుకని ఆదిశేషు ఒక కాగితం తయారు చేయించాడు. హన్మంతు తాగి, డ్యూటీ లేని వేళ తనంతట తానే మిషన్‌లో చెయ్యి పెట్టాడని, తప్పంతా తనదేనని, ఇష్టపూర్వకంగా ఇంటికి పోతున్నాడని. హన్మంతు కల్లు కూడా ముట్టని మనిషి.

సంతకం పెడితే మంగళవారం విమానం. చెయ్యి జన్మంతా అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ కాగితాలు అరబ్బీలో ఉంటాయి, ఇంగ్లీషులో ఉంటాయి. సంతకం పెట్టేవాడికి రెండూ రావు. అందుకని ఎవరూ కాగితం చూసి సంతకం పెట్టరు, మనిషిని చూసి పెడతారు. మన ఊరివాడో, మన మాట మాట్లాడేవాడో పక్కన నిలబడి 'పెట్టు, ఏం గాదు' అంటే చాలు, వేలు ముందుకొస్తుంది. ఆదిశేషుకు ఈ కిటుకు కరతలామలకం. నెల్లూరు వాళ్లకు ఒకడిని, కడప వాళ్లకు ఒకడిని, నిజామాబాద్ వాళ్లకు ఒకడిని ఉంచుకున్నాడు. హన్మంతుకు ప్రమోద్ చెబితే సరిపోలేదు. ప్రమోద్ కరీంనగర్ టౌనువాడు, అల్లుడే గాని ఊరివాడు కాదు. అప్పుడు ఆదిశేషు కళ్లు సుభాషిణి మీద పడ్డాయి.

"నువ్వు చెప్తే పెడ్తడు," అన్నాడు ప్రమోద్ శనివారం సాయంత్రం, ఆమె మొహం వైపు చూడకుండా. "మన వీసా నెలాఖరుకు అయిపోతది. రెన్యువల్ మీద ముదీర్ సంతకం గావాలె. నేనేం జెయ్యాలె జెప్పు."

సుభాషిణి మర్నాడు పొద్దున్నే లేచి చేపలు కడిగింది.

కొండల్లోంచి సొరంగాలు దాటుకుంటూ కల్బా చేరేసరికి తొమ్మిదైంది. దారి పొడుగునా ఆదిశేషు ముందు సీటులో కూర్చుని పళ్లు కుట్టుకుంటూనే ఉన్నాడు. పుల్లతో తీసిందాన్ని ఒకసారి చూసుకుని మళ్లీ నోట్లో వేసుకుంటాడు. వెనక నుంచి అద్దంలో అది కనబడుతుంటే సుభాషిణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పక్కన ఆదిశేషు భార్య వాసంతి కళ్లు మూసుకుని ఉంది. పాతికేళ్ల కాపురంలో ఆమె నేర్చుకున్న విద్య అదొక్కటే.

బీచిలో ప్రమోద్ చాపను తీసుకెళ్లి నీళ్ల అంచునే పరిచాడు. పక్కనున్న మలయాళీ కుటుంబాలు, పాకిస్తానీ కుటుంబాలు ఎంతో వెనక్కి, మెట్ట ఇసుకలో సర్దుకున్నాయి. ఆదిశేషు వెంట వెళ్లేవాళ్లకు అల తడుపుతుందన్న భయం లేదు. అతను చెప్పులు విడిచి, లుంగీ సర్దుకుని, "అమ్మయ్య" అంటూ చాప మీద కూర్చోగానే సముద్రం వెనక్కి జరిగింది.

మొదటి ఏడాది జానెడే జరిగింది. ఆటుపోట్లేమో అనుకుంది సుభాషిణి. అప్పుడు వాసంతి, వంకాయ తింటే ఒళ్లు దురద పెడుతుందని చెప్పినంత మామూలుగా, "మా ఆయనకి సముద్రం పడదమ్మా" అంది. రెండో ఏడు బారెడు. పోయినేడు రోడ్డు వెడల్పు. ఈసారి ఎంతకీ ఆగలేదు. అతని ఎదురుగా సగం చందమామ ఆకారంలో నీళ్లు తగ్గుకుంటూ పోయి, ఎక్కడో దూరాన నిలబడి అక్కడి నుంచే అలలు కొట్టుకోసాగాయి. రెండు వైపులా మామూలు సముద్రం, పిల్లల కేకలు. మధ్యలో ఆదిశేషు, అతని ముందు నీళ్లు లేని బురద.

ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాసేపటికి ఒక బెస్త అతను వచ్చి, తన పడవ బురదలో పడిపోయిందని, అర్బాబ్ దొరగారు కాస్త కుడిపక్కకు జరిగి కూర్చుంటే నీళ్లు తిరిగొస్తాయని మర్యాదగా హిందీలో చెప్పుకున్నాడు. ఆదిశేషు విసుక్కుంటూ చాపతో సహా జరిగాడు. పడవ తేలింది. బెస్త అతను షుక్రియా చెప్పి వెళ్లిపోయాడు. కాళ్లు తడుపుకోవాలని ఉన్న వాసంతి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, భర్తకు దూరంగా, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ నడిచిపోయింది.

చాప తడవకపోవడం బాగానే ఉంది గాని, ఆ వాసన. సముద్రం వదిలేసి పోయిన చోటంతా ఏముందో బయటపడింది. పిల్లల డైపర్లు, తెగిన వలలు, కుళ్లిన జెల్లీచేపలు, నల్లటి జిగురు బురదలో కూరుకుపోయిన ప్లాస్టిక్ సీసాలు. ఎండెక్కేకొద్దీ అందులోంచి ఆవిరి లేచినట్టు కంపు లేచింది. సుభాషిణి అగరబత్తీలు నాలుగు ఇసుకలో గుచ్చి వెలిగించింది. అగరబత్తీ వాసనా కంపూ కలిసి ఇంకా రోతగా తయారైంది. ఆదిశేషుకు మాత్రం ఏమీ తెలియదు. గుండెల నిండా గాలి పీల్చి, సముద్రపు గాలి ఊపిరితిత్తులకు ఎంతో మంచిదని ప్రమోద్‌కు చెప్పాడు. ప్రమోద్ అవునన్నాడు. ప్రమోద్ ఈ ఏడాది బూట్లు విప్పలేదు, నీళ్ల వైపు అడుగు కూడా వేయలేదు. ఎందుకని సుభాషిణి అడగలేదు. కొన్ని అడగకపోతేనే కాపురం సాగుతుంది.

పదకొండింటికి హన్మంతు ఫోను మోగింది. ఊరి నుంచి అంజవ్వ, అతని భార్య. వీడియోలో సముద్రం చూపించాడు, కారు చూపించాడు, కట్టు కట్టిన చెయ్యిని వీపు వెనక దాచాడు. అంజవ్వ సుభాషిణితో మాట్లాడతానంది.

"నువ్వు పక్కన ఉన్నవ్, గదే ధైర్యం సుభాషిణీ," అంది. "ఆయిన అమాయకుడు. నువ్వేది జెప్తే గది జేస్తడు."

సుభాషిణి తల ఊపి ఫోను తిరిగి ఇచ్చేసింది. అరచేతులు తేమగా అనిపిస్తే కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

భోజనాల వేళకు ఆదిశేషుకు ప్రేమ పొంగింది. హన్మంతును పిలిచి చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. హన్మంతు సిగ్గుతో ముడుచుకుపోయి చాప అంచున సగమే కూర్చున్నాడు. తొమ్మిదేళ్లుగా ముదీర్ క్యాబిన్ గడప కూడా దాటని మనిషి. ఆదిశేషు అన్నంలో పులుసు కలిపి, చేపలో ముళ్లు తీసి, ముద్ద చేసి అతని నోటి ముందు పెట్టాడు.

"ఆ చేత్తో ఏం తింటావురా, నోరు తెరు," అన్నాడు. తర్వాత ప్రమోద్ వైపు తిరిగి, "తీస్తున్నావా? మొహం కనబడాలి. బాగా చూసుకున్నామని ఫైల్లో పెట్టాలిగా రేపు," అన్నాడు.

ప్రమోద్ ఫోనుతో ఫొటో తీశాడు. మొదటిది సరిగా రాలేదట. ఆదిశేషు రెండో ముద్ద పెట్టాడు. ముళ్లు తీసిన వేళ్లను మధ్య మధ్యలో తానే చీకుతున్నాడు, అవే వేళ్లతో మళ్లీ కలుపుతున్నాడు. పులుసు మోచేతి దాకా కారుతోంది. అంతకన్నా సుభాషిణికి కంపరం పుట్టించింది హన్మంతు మొహం. అతను తలవంచుకుని నములుతున్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కారానికి కాదు. అంత పెద్ద మనిషి తనకు అన్నం తినిపిస్తున్నాడని.

ఛీ, అనుకుంది. ఎవరిని అనుకుందో ఆమెకే తెలియలేదు. గిన్నె మూత పెట్టి లేచిపోయింది.

తిన్నాక ఆదిశేషు త్రేన్చి, టోపీ మొహం మీదకు లాక్కుని వెల్లకిలా పడుకున్నాడు. పడుకునే ముందు ఒక చెయ్యి గాలిలో తిప్పి, "యల్లా ప్రమోదూ, లేచేసరికి ఖలాస్ అయిపోవాలి," అన్నాడు. అప్పటికి సముద్రం ఇంకో పది గజాలు వెనక్కి పోయింది. ప్రమోద్ సంచిలోంచి కాగితం తీసి సుభాషిణి చేతిలో పెట్టాడు. సిరా డబ్బా కారులో ఉంది, తెస్తానని వెళ్లాడు.

హన్మంతు ఒక గొడుగు నీడలో కూర్చుని, ఎడమచేత్తో చేపముల్లు చీకుతున్నాడు. సుభాషిణి వెళ్లి పక్కన కూర్చుంది. ఏం మాట్లాడాలో దారి పొడుగునా, కొండలు దాటుతున్నంతసేపూ కూడబలుక్కుంది. కూడబలుక్కున్నది ఒక్కటీ అవసరం పడలేదు.

"అన్నా, గీ కాగితం మీద ఏలిముద్ర పెట్టాల్నట."

"ఏంది చెల్లె ఇది?"

"ఇంటికి పొయ్యే కాగితం. ఏం గాదు, పెట్టు."

అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. ఉప్పు అందించమన్నట్టు వచ్చింది ఆ మాట. హన్మంతు కాగితం వైపు కూడా చూడలేదు. నువ్వు చెప్తున్నవ్ గదా చెల్లె, అన్నాడు. ముల్లు పారేసి, వేళ్లకు జిడ్డుంది, ముద్ర సరిగా పడదు, కడుక్కుని వస్తానని లేచాడు. సుభాషిణి చేతులకూ పొద్దుటి నుంచి చేప వాసన. తానూ లేచింది. కాగితం ఆమె చేతిలోనే ఉంది.

నీళ్ల కోసం వాళ్లు ఆదిశేషుకు చాలా దూరంగా నడవాల్సి వచ్చింది. రెండు వందల అడుగులు వేశాక మామూలు బీచి వచ్చింది. చిన్నపిల్లలు ఇసుకలో గుంటలు తవ్వుతున్నారు, అలలు వాటిని పూడ్చేస్తున్నాయి. ఇక్కడ గాలి శుభ్రంగా ఉంది. సుభాషిణి రోజంతా మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

హన్మంతు వంగి ఎడమచెయ్యి కడుక్కున్నాడు. ఒక అల వచ్చి అతని మడమలు ముంచింది. అదే అల పక్కనున్న సుభాషిణి దాకా వచ్చి, ఆమె కాళ్లకు జానెడు దూరంలో ఆగింది. ఆగి, తలుపు దగ్గర ఎవరినో చూసి గుమ్మంలోంచే మళ్లిపోయినట్టు వెనక్కి పోయింది.

సుభాషిణి ఒక అడుగు ముందుకేసింది. అల ఒక అడుగు తగ్గింది.

ముదీర్ వెనకాలే వచ్చి ఉంటాడనుకుని తల తిప్పి చూసింది. అతను దూరంగా, టోపీ మొహం మీద, పొట్ట ఎత్తుకుని పడుకునే ఉన్నాడు. ప్రమోద్ కారు దగ్గరున్నాడు. చుట్టుపక్కల పిల్లలు తప్ప ఎవరూ లేరు. ఆమె ఇంకో అడుగు వేసింది, పరుగులాంటి అడుగు. నీళ్లు గబగబా జరిగాయి. జరిగిన చోట తడి ఇసుకలో ఒక చేపతలకాయ, కుళ్లి, ఒక కన్ను పోయి, బయటపడింది. కంపు సన్నగా లేచింది. పొద్దున చాప దగ్గర ముక్కు మూసుకున్నది ఈ కంపుకే. ఇప్పుడు అది తన కాళ్ల దగ్గర నుంచి వస్తోంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి, సిగ్గేసి, చెయ్యి దించేసింది.

హన్మంతు నిటారుగా నిలబడ్డాడు. తన తడికాళ్లు చూసుకున్నాడు, ఆమె పొడికాళ్లు చూశాడు. అతనేమీ ఆశ్చర్యపోలేదు. చాలాసేపు ఆలోచించే మనిషి కూడా కాదు.

"గా కాగితంల ఏం రాసిన్రు చెల్లె?" అన్నాడు.

పదకొండేళ్లలో అతను ఎవరినీ అడగని ప్రశ్న అది. మస్కట్‌లో రెండేళ్లు, షార్జాలో తొమ్మిదేళ్లు, ఎన్నో కాగితాల మీద వేలుముద్రలు వేశాడు. ఏ ఒక్కదాన్నీ చదవమనలేదు.

సుభాషిణి కాగితం విప్పింది. ఇంగ్లీషు ముక్కలు చదువుతూ, ఒక్కొక్క వాక్యాన్నీ ఊరి మాటలోకి మార్చి చెప్పింది. ఏ తేదీన ఏ వర్క్‌షాపులో అన్నది చెప్పింది. డ్యూటీ లేదన్నది చెప్పింది. తాగి ఉన్నాడన్నది చెప్పడానికి ముందు ఆగింది గాని, అది కూడా చెప్పింది.

"నేను తాగలే," అన్నాడు హన్మంతు.

"నాకు తెల్సన్నా."

"నీకు తెల్సా?"

ఆమె కాగితాన్ని మడిచి మళ్లీ విప్పింది.

"తెల్సి గూడ పెట్టుమన్నవా?"

అతను గొంతు పెంచలేదు. అన్నం ఉడికిందా అని అడిగినట్టు అడిగాడు. అరిచి ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేది. సుభాషిణి అవునన్నట్టు తల ఊపింది. పొద్దుటి నుంచి ముదీర్ వేళ్లను చూసి, పళ్లపుల్లను చూసి, భర్త బూట్లను చూసి పోగేసుకున్న రోత అంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆమె మీదే కూర్చుంది. ఒంటి మీద నుంచి దులుపుకోవడానికి వీల్లేకుండా కూర్చుంది.

ఇంకా మూడు వాక్యాలున్నాయి. వాటినీ చదివింది. అడ్డు లేని సంగతి కాగితంలో లేదు. అది రాయకుండా దాచారని, ఆ అడ్డును ఆదిశేషే తీయించాడని, ఆపరేషన్ చేయిస్తే రెండు వేళ్లూ బొటనవేలూ వస్తాయని డాక్టరు చెప్పిన మాటను కూడా దాచారని చెప్పింది. ఆ చివరి మాట దగ్గర హన్మంతు కట్టు కట్టిన చెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెల దగ్గరికి తీసుకున్నాడు.

అప్పుడే ప్రమోద్ సిరా డబ్బా తీసుకుని వచ్చాడు. అతను దగ్గరికొచ్చేకొద్దీ నీళ్లు ఇంకాస్త పక్కకు తొలిగాయి. పిల్లలు తవ్వుకున్న గుంటలు ఎండిపోయాయి. వాళ్లు పారలు పట్టుకుని అవతలికి జరిగారు.

"అయిందా?" అన్నాడు ప్రమోద్.

"సదివి ఇనిపిచ్చిన," అంది సుభాషిణి.

"మొత్తమా?"

"మొత్తం. రాయనిది గూడ."

ప్రమోద్ ఆమె కాళ్ల వైపు చూశాడు. తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నాడు. సిరా డబ్బాను ప్యాంటు జేబులో పెట్టుకుని అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. దూరంగా ఆదిశేషు లేచి కూర్చుని, ఖలాస్ అయిందా అని కేక వేస్తున్నాడు.

హన్మంతు కాగితాన్ని సుభాషిణి చేతిలోంచి తీసుకున్నాడు. ఎడమచేత్తో, పళ్ల సాయంతో నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు.

"రేపు దవాఖానకు వోయి గీ కాగితం డాక్టర్‌కు సూపిస్త," అన్నాడు. "ఆపరేషన్ జేసిన్రా మంచిదే, జెయ్యకుంటె ఆడ్నే కూసుంట. చెయ్యి బాగైనంకనే పోత ఇంటికి."

హన్మంతు కాసేపు సముద్రాన్ని చూశాడు. ఇన్నేళ్లుగా ఈ దేశంలో ఉండి అతను సముద్రంలో దిగింది లేదు. క్యాంపు, వర్క్‌షాపు, క్యాంపు. చెప్పులు విడిచాడు. నీళ్లున్న వైపు నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగొచ్చి, చెప్పులు తీసి సుభాషిణికి అందించాడు.

"కొట్కపోతయ్ చెల్లె, జర పట్టుకో."

అతను ముందుకు నడిచాడు. మోకాళ్ల దాకా, నడుము దాకా నీళ్లు అతన్ని రానిచ్చాయి. చొక్కా జేబు తడవకుండా అక్కడే ఆగాడు. దెబ్బ తగిలిన చెయ్యిని తలకన్నా ఎత్తులో పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు తీసుకుని మొహం మీద చల్లుకున్నాడు. ఒక పెద్ద అల వచ్చి నడుము చుట్టూ తిరిగితే తూలి, నవ్వాడు.

సుభాషిణి రెండు చేతులతో చెప్పులు పట్టుకుని, పొడి ఇసుకలో, అతను బయటికి వచ్చేదాకా నిలబడింది.